కుష్టు వచ్చిన సంఘ సభ్యుడు, ప్రభు బల్ల, క్రిస్మస్ దుప్పట్లు: మీ ప్రశ్నకు నా సమాధానం

వందనాలు తమ్ముడూ.

మీ ప్రశ్న చూడని వాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ సంఘం యూత్ ఈ క్రిస్మస్‌కి ఊరి బయట ఉన్న కుష్టు కాలనీకి దుప్పట్లు, పండ్లు తీసుకెళ్దామనుకున్నారు. అంటుకుంటుందేమోనని పెద్దలు వద్దన్నారు. ఇంతలో మీ సంఘంలోనే ఒకాయనకి ఆ జబ్బని తేలింది. పి.హెచ్.సి.లో మందు మొదలుపెట్టారు. ఆయన ఇప్పుడు ఆరాధనలో తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ప్రభు బల్ల (ప్రభువు జ్ఞాపకార్థం తీసుకునే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే ఆదివారమైతే అసలు రావట్లేదు, ఎందుకంటే మీ సంఘంలో అందరూ ఒకే పాత్రలో తాగుతారు. "యేసు ప్రభువు కుష్టు రోగిని ముట్టుకున్నారంటే ఆయన దేవుడు. మనం ముట్టుకోవచ్చా?" అని అడిగారు.

ముట్టుకోవచ్చు. పక్కన కూర్చోవచ్చు, కలిసి తినొచ్చు, మందు వాడుతున్న ఆయన తాగిన పాత్రలో మీరూ తాగొచ్చు. కాలనీకి కూడా వెళ్ళండి. కాకపోతే ముందు మీ సంఘంలో ఉన్న మనిషిని ఆయన పాత చోట్లో కూర్చోబెట్టండి, కాలనీ ఆ తర్వాత. మన మధ్య ఉన్న ఒక్కరిని తలుపు దగ్గర ఉంచి, ఆటో కట్టుకుని వెళ్ళి ముక్కూ మొహం తెలియని నలభై మందికి దుప్పట్లు కప్పితే ఆయనకి ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

నేను డాక్టర్ని కాను. ఒక మిషన్ కుష్టు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైర్ అయ్యాను. చేతులు, పాదాలు పరీక్ష చేయడం, పుండ్లకి కట్లు కట్టడం, ఆపరేషన్ అయినవాళ్ళకి వేళ్ళు మళ్ళీ కదిలించడం నేర్పడం నా పని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ ఆ చేతులే పట్టుకున్నాను. నాకు గానీ, నా పిల్లలకి గానీ ఏమీ రాలేదు.

ముందు జబ్బు సంగతి. మీ పెద్దల భయాన్ని తీసిపారేయకండి, వాళ్ళు చిన్నప్పుడు చూసిన "పెద్దరోగం" నిజంగానే భయంకరంగా ఉండేది. ఈ జబ్బు క్రిమిని నార్వేలో హాన్సెన్ అనే డాక్టర్ 1873లోనే కనిపెట్టాడు గానీ, దాని మీద గట్టిగా పనిచేసే మందు దొరకడానికి ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది. మూడు మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి. పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. అంటే మీ సంఘంలో అరవై దాటిన వాళ్ళు పెరిగిన కాలంలో ఈ వైద్యం లేదు. ఇప్పుడు రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు వాడితే జబ్బు పోతుంది. మందు ఉచితం, 28 రోజులకి ఒక అట్ట. మొదటి రోజు డోసు ఆరోగ్య కార్యకర్త ఎదుట వేసుకోవాలి, మిగతావి ఇంట్లో. ఆ మొదటి డోసులోని రిఫాంపిసిన్ అనే మందు దెబ్బకే ఒంట్లో క్రిములు దాదాపు అన్నీ చస్తాయి. మందు మొదలైన మనిషి నుంచి ఇంకొకరికి సోకుతుందన్న భయం అక్కడితో తీరిపోయినట్టే.

అసలు మందు వాడని మనిషి నుంచైనా ఇది షేక్‌హ్యాండ్‌తో, కంచంతో, పక్కన కూర్చుంటే వచ్చేది కాదు. ముక్కు నుంచి, నోటి నుంచి పడే తుంపర్ల ద్వారా, అదీ నెలల తరబడి దగ్గరగా మెలిగితే సోకుతుంది. అలా సోకినా మనలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లోనే దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. మరి మీ సంఘ సభ్యుడి భార్యాపిల్లల సంగతేంటి అంటే, వాళ్ళని తప్పకుండా పరీక్ష చేయించాలి. ఇంట్లో వాళ్ళకి, దగ్గరగా మెలిగేవాళ్ళకి ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి కూడదు అన్నది పి.హెచ్.సి. డాక్టర్ చూసి చెప్తారు.

ఎవరో ఒక పెద్దాయన "ఫాదర్ డామియన్‌కి అంటుకుని చచ్చిపోలేదా?" అని తప్పకుండా అడుగుతారు, చూడండి. నిజమే. బెల్జియం నుంచి వెళ్ళిన డామియన్ 1873లో హవాయి దీవుల్లోని మొలకాయ్‌లో, కుష్టు రోగుల్ని తెచ్చి వదిలేసే చోట అడుగుపెట్టి, అదే జబ్బుతో 1889లో పోయాడు. అప్పటికి మందు లేదు. అయితే అదే చోట ఆయన తర్వాత ముప్పై ఏళ్ళు సేవ చేసిన మదర్ మరియాన్ కోప్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆవిడ 1918లో వయసు మీద పడి చనిపోయింది, జబ్బు రాలేదు. మందు లేని రోజుల్లో కూడా దగ్గరికి వెళ్ళిన అందరికీ అంటుకోలేదు.

ఇక వాక్యం సంగతి. మీ పెద్దలు లేవీయకాండం 13 తీసి "పాళెము వెలుపల ఉండాలి" అని చూపిస్తారు. ఆ అధ్యాయం మొత్తం చదవమనండి. ఆ తెగులు ఉన్నితో, నారతో నేసిన బట్టకి, తోలుకి వస్తుందని అందులోనే ఉంది. తర్వాతి అధ్యాయంలో ఇంటి గోడకి కూడా వస్తుంది. గోడకి పట్టేదీ, మా ఆసుపత్రిలో మేం చూసిందీ ఒకటి కాదు. పాత నిబంధన కాలపు చర్మవ్యాధుల చట్టాన్ని తెచ్చి మీ సంఘ సభ్యుడి మీద పెట్టడం కుదరదు.

మార్కు మొదటి అధ్యాయం చివర చూడండి. ఒక కుష్టు రోగి ప్రభువు దగ్గరికి వచ్చి "నీకిష్టమైతే" అని మోకరిస్తాడు. ప్రభువు మాటతో బాగుచేయగలడు, వేరే చోట దూరం నుంచే పదిమందిని బాగుచేశాడు కూడా. ఇక్కడ మాత్రం కనికరపడి చెయ్యి చాపి ముట్టాడు. ముట్టడం బాగుపడక ముందే జరిగింది, శుద్ధుడయ్యాక కాదు. మేం ఆసుపత్రిలో చేరిన కొత్తలో మా చాప్లెయిన్ గారు అక్కడితో ఆపేవారు కాదు, 45వ వచనం దాకా చదివించేవారు. ఆ సంగతి బయటికి పొక్కాక ప్రభువు ఇక పట్టణంలోకి బాహాటంగా వెళ్ళలేక, బయట నిర్జన స్థలాల్లో ఉండాల్సి వచ్చింది. బయట ఉండాల్సినవాడు లోపలికి వెళ్ళాడు, లోపలివాడు బయటికి వచ్చాడు. ఆ మనిషిని ముట్టుకున్నందుకు ఆయన కట్టిన ధర అదీ. మనం ఏ ధరా కట్టకుండా వారానికొక ఫొటో పెట్టుకుంటున్నాం.

ఇంకో మాట అదే చోట ఉంది, మన స్వస్థత కూడికల వాళ్ళు దాన్ని దాటేస్తారు. బాగుపడిన ఆ మనిషిని ప్రభువు "వెళ్ళి యాజకుడికి కనపరచుకో" అని పంపాడు. ఆ రోజుల్లో పరీక్ష చేసి, మళ్ళీ ఊళ్ళోకి రావచ్చని చెప్పే అధికారం యాజకుడిది. మన రోజుల్లో ఆ పని పి.హెచ్.సి. చేస్తుంది. ప్రార్థన చేయండి, మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒక కుర్రాడు సగం కోర్సులో ఒక కూడికలో సాక్ష్యం చెప్పి మందు మానేశాడు. మచ్చలు పాలిపోయాయి కాబట్టి తగ్గిందనుకున్నాడు. కొన్నాళ్ళకి నడుస్తుంటే కుడికాలి చెప్పు దానంతట అదే ఊడిపోతోందని వచ్చాడు. చూస్తే పాదం పైకి లేవట్లేదు, మోకాలి పక్కన నరం దెబ్బతింది. చెప్పు ఊడిపోయిన సంగతి కూడా కిందికి చూసినప్పుడే తెలిసేది, ఎందుకంటే పాదంలో స్పర్శ లేదు. ఇలాంటిది మందు వాడుతున్నప్పుడైనా, వాడాకైనా రావచ్చు. నరం నొప్పి, మచ్చలు ఉన్నట్టుండి ఎర్రబడి ఉబ్బడం, చెయ్యిలోనో కాలులోనో బలం తగ్గడం, కంట్లో ఎరుపు, వీటిలో ఏది కనిపించినా అదే వారంలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. మొదటి ఆరు నెలల్లోపు స్టెరాయిడ్ మాత్రలు పడితే నరం చాలావరకు కోలుకునే అవకాశం ఉంటుంది. ఆ కుర్రాడు ఆలస్యంగా వచ్చాడు. సగమే కోలుకున్నాడు.

మీ సంఘ సభ్యుడి విషయంలో మీరు చేయగల పెద్ద సాయం ఇదే. మాత్రలు వాడుతుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, ఒళ్ళు నల్లబడుతుంది. మూడు మందుల్లో ఒకటైన క్లోఫాజిమిన్ వల్ల ఆ నలుపు, కోర్సు అయ్యాక నెలల మీద పోతుంది. అది చూసి "జబ్బు ముదిరింది" అని చెవులు కొరుక్కుంటారు, ఆయనకి టెన్షన్ పట్టుకుంటుంది, మందు మానేస్తారు. ఆ అట్ట అయిపోయిన రోజున "అన్నా, పద, నేనూ వస్తాను" అని బండి తీసేవాడు ఒకడుంటే చాలు.

ఇప్పుడు పాత్ర. మీ పాస్టర్ గారు ఆయనకి వేరే చిన్న గ్లాసు పెడదామన్నారని రాశారు. ఉద్దేశం మంచిదే. కరోనా తర్వాత చాలా సంఘాలు చిన్న గ్లాసులకి మారాయి, మీరూ మారాలనుకుంటే అందరికీ మార్చండి. ఆయన ఒక్కరికే వేరే గ్లాసు మాత్రం వద్దు. ప్రభు బల్ల దగ్గర ఒక మనిషికి వేరే గ్లాసు పెట్టడమంటే, పాత హోటళ్ళలో మన తాతలకి చూరులో పెట్టిన గ్లాసు మళ్ళీ తీయడమే. మన తెలుగు సంఘాల్లో చాలావాటికి ఊరి బయట ఉండటమంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి మనమే ఇంకొకరిని గుడిలో తలుపు దగ్గర కూర్చోబెడుతున్నామంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఒక సంగతి చెప్తాను. డెల్టా వైపు ఒక పల్లె నుంచి ఒకావిడ మా దగ్గర ఆపరేషన్ చేయించుకుంది. చేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉండేవి. వేలి కండరాన్ని దారి మళ్ళించి కుడితే వేళ్ళు తెరుచుకుంటాయి. ఈ ఆపరేషన్లని 1940ల చివర్లో వెల్లూరులో మొదలుపెట్టింది పాల్ బ్రాండ్ అనే మిషనరీ డాక్టర్. ఈ జబ్బులో వేళ్ళు వాటంతట అవి రాలిపోవు, నొప్పి తెలియక కాలడం, కోసుకోవడం, పుండు పడటం వల్ల పోతాయి అని లోకానికి గట్టిగా చెప్పింది కూడా ఆయనే. 1955లో వెల్లూరు దగ్గర కరిగిరిలో మొదలైన కుష్టు ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఆ పనిని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది, మన చిత్తూరు వైపు వాళ్ళకి అది బాగా తెలిసిన చోటు. సరే, ఆవిడ బాగుపడి ఇంటికి వెళ్ళింది. జబ్బు లేదు, కాగితం ఉంది, వేళ్ళు తెరుచుకున్నాయి. సంఘంలో ప్రేమ విందు రోజున అందరికీ విస్తళ్ళు వేసి, ఆవిడకి మాత్రం అన్నం క్యారేజీలో కట్టి "ఇంటికెళ్ళి తిందువు గానీ అమ్మా" అని చేతిలో పెట్టారు. ఎంతో మర్యాదగా పెట్టారు. ఆవిడ మళ్ళీ చెకప్‌కి వచ్చినప్పుడు నాతో ఆ మాట చెప్పి, తిట్టినా బాగుండేదంది.

ఆ సంఘం పాస్టరమ్మ గారు ఏం చేశారంటే, పెద్ద ప్రసంగం ఏమీ చేయలేదు. తర్వాతి స్త్రీల సమాజం కూడిక ఆవిడ ఇంట్లో పెట్టించారు. ప్రార్థన అయ్యాక ఆవిడ తన చేత్తో కాచిన టీ అందరికీ ఇచ్చింది. సగం మంది గ్లాసులు పక్కన పెట్టి చల్లారుతున్నట్టు చూస్తూ కూర్చున్నారు. పాస్టరమ్మ గారు తన గ్లాసు తాగేసి, "ఇంకో అర గ్లాసు పొయ్యమ్మా" అని చాపారు. ఆ రెండో అర గ్లాసు తర్వాత ఒక్కొక్కరూ తాగారు. మరుసటి ఏడాది ప్రేమ విందుకి ఆవిడ వంట దగ్గరే ఉందని విన్నాను. రెండు కుటుంబాలు మాత్రం ఇప్పటికీ ఆవిడ వడ్డిస్తే తినవట, అది కూడా చెప్పాలి. అందరూ మారరు.

బేతనియలో కుష్ఠరోగి అని పేరుపడ్డ సీమోను ఇంట్లో ప్రభువు భోజనానికి కూర్చున్నాడని మార్కు 14లో ఉంది. మనం ఎప్పుడూ పెట్టేవాళ్ళం, వాళ్ళు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్ళు అన్న లెక్క ఆ ఇంట్లో చెల్లదు. అక్కడ పెట్టింది సీమోను, తిన్నది యేసు. మీరూ మీ సంఘ సభ్యుడి ఇంటికి వెళ్ళండి. ఏమైనా తీసుకెళ్ళకపోయినా ఫరవాలేదు, ఆయన పెట్టింది తిని రండి.

ఒక్క హెచ్చరిక. ఈ పనులన్నిటికంటే ముందు ఆయన్ని అడగండి. ఆయన జబ్బు సంగతి పల్పిట్ మీద నుంచి ప్రకటించే హక్కు పాస్టర్ గారికి కూడా లేదు. "ఫలానా బ్రదర్ కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే మంచి చేసినట్టే ఉంటుంది, వాళ్ళ అమ్మాయి పెళ్ళి సంబంధం పోతుంది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆయన ఇష్టం.

మన క్రైస్తవుల చరిత్రని ఇక్కడ కొంచెం నిజాయితీగా చూడాలి. గర్వపడాల్సింది చాలా ఉంది. ఐర్లండ్‌కి చెందిన వెల్లెస్లీ బెయిలీ అప్పటి పంజాబ్‌లోని అంబాలాలో రోగుల్ని చూసి కదిలిపోయి 1874లో మొదలుపెట్టిందే ఈ రోజు లెప్రసీ మిషన్. ఉత్తరాంధ్రలో సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి వాళ్ళదే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిని 1915లో తెరిచింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆవిడ భర్త జార్జ్ కెర్. ఆ రోజుల్లో చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే దిక్కు, అవి నొప్పి, గ్యారంటీ లేదు, అయినా జనం ఎడ్లబండ్ల మీద వచ్చేవారు. ఇంకో సంగతి, ఆ ఆసుపత్రి కట్టడానికి డబ్బిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. కనికరం మన ఒక్కరి సొత్తు అన్నట్టు మాట్లాడే వాళ్ళకి డిచ్‌పల్లి గురించి చెప్తుంటాను.

గర్వపడకూడనిది కూడా ఉంది. పాత ఆశ్రమాల్లో మగవాళ్ళని ఆడవాళ్ళని వేరుగా ఉంచేవారు, భార్యాభర్తలైనా సరే. తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుని వేరే హోముల్లో పెంచేవారు. అప్పటికి తెలిసిన వైద్యం ప్రకారం అది మంచే అనుకున్నారు. వాళ్ళ కోసం వేరే ఊరు, వేరే బడి, వేరే గుడి, చివరికి వేరే సమాధుల దొడ్డి. ప్రేమతో కట్టిన గోడే, కానీ గోడే. మా ఆసుపత్రి చాపెల్‌లో కూడా చాలాకాలం స్టాఫ్‌కి ఒక వైపు బల్లలు, పేషెంట్లకి ఒక వైపు. ఎవరూ రూలు పెట్టలేదు, ఎవరూ తీసేయలేదు. కొత్తగా వచ్చిన ఒక నర్సమ్మ తెలియక పేషెంట్ల వైపు కూర్చుంది. లేపడానికి ఎవరికీ నోరు రాలేదు. అలా కలిసిపోయింది.

చట్టం సంగతి వింటే ఇంకా ఆశ్చర్యపోతారు. రోగుల్ని పట్టుకెళ్ళి వేరుగా ఉంచడానికి బ్రిటిష్ వాళ్ళు 1898లో చేసిన చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది 2016లో. ఇక మన క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. 2001లో దాన్ని సవరించినప్పుడు, భార్యకో భర్తకో నయంకాని కుష్టు ఉంటే విడాకులు అడగొచ్చని అందులో కలిపారు. అంటే జబ్బుని నయం చేసే మందు వచ్చిన ఇరవై ఏళ్ళకి! అది పోయింది 2019లో, పార్లమెంటు హిందూ, ముస్లిం, క్రైస్తవ వివాహ చట్టాలన్నిటి నుంచి కుష్టు అన్న కారణాన్ని తీసేసినప్పుడు. 2001లో గానీ, తర్వాత గానీ ఆ క్లాజు మీద మన ప్రసంగ వేదికల నుంచి గొంతు లేచినట్టు నేనైతే వినలేదు.

సరే, కాలనీ. వెళ్ళండి, కానీ కొంచెం తెలుసుకుని వెళ్ళండి. అక్కడున్న ముసలివాళ్ళలో ఎక్కువమందికి జబ్బు తగ్గి దశాబ్దాలైంది. వంకర వేళ్ళు, పాదం మీద పుండు పాత జబ్బు వదిలేసిన గుర్తులు, సోకేవి కాదు. వాళ్ళ మనవలకి ఆ జబ్బు ఎప్పుడూ లేదు, అయినా అడ్రసు చెప్తే పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయి.

దుప్పట్లు వద్దు. డిసెంబర్లో ప్రతి సంఘం, ప్రతి క్లబ్బు అవే తెస్తాయి. ఒక ఇంట్లో మంచం కింద ప్యాకింగ్ విప్పనివి దొంతరగా చూశాను. స్టీలు గ్లాసులు అసలే వద్దు. చేతిలో స్పర్శ లేని మనిషి స్టీలు గ్లాసులో వేడి టీ పట్టుకుంటే చర్మం కాలుతున్నా తెలియదు. పక్కవాళ్ళు చూసి చెప్పాలి, లేకపోతే మర్నాడు బొబ్బ చూసుకుని తెలుసుకోవాలి. పిడి ఉన్న మందపాటి కప్పులు, చెక్క పిడి గరిటెలు, పొయ్యి దగ్గర పట్టుకోవడానికి మందపాటి గుడ్డలు ఇవ్వండి. పాదాల కోసం మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులుంటాయి, బజారు చెప్పుల్లా మేకులు కొట్టరు వాటికి. సైజు కొలిచి కుట్టించాలి కాబట్టి కుష్టు ఆసుపత్రి వాళ్ళనో, జిల్లా కుష్టు విభాగం వాళ్ళనో ముందుగా అడగండి. రెప్ప పూర్తిగా మూసుకోని వాళ్ళకి ఎండ కళ్ళద్దాలు పనికొస్తాయి.

కాళ్ళు కడగడం గురించి మన వాళ్ళు యోహాను 13 మీద ఎన్ని ప్రసంగాలైనా చేస్తారు. నిజంగా చేయాలనుంటే అక్కడ ఆ పని ఉంది. స్పర్శ లేని పాదం చెమట పట్టదు, ఎండి పగుళ్ళిస్తుంది, పగుళ్ళలోంచి పుండు మొదలవుతుంది. రోజూ ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళలో పాదాలు నానబెట్టి, మడమ దగ్గర గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి మీదే కొబ్బరినూనె రాయాలి. వేడినీళ్ళు వద్దు, కాలినా తెలియదు. తర్వాత వేళ్ళ సందుల్లో, అరికాల్లో ముల్లు, రాయి, కొత్త ఎరుపు ఉందేమో చూడాలి. చూపు ఆనని ముసలాయనకి అది ఒంటరిగా అయ్యే పని కాదు. మీ యూత్‌లో నలుగురు వంతులేసుకుని వారానికొకసారి వెళ్ళి టబ్బులు పెట్టి కూర్చుంటే, ఆ ఇరవై నిమిషాలూ మాట్లాడుకుంటూ ఉంటే, అది వంద దుప్పట్ల పెట్టు. పుండు ఉంటే మాత్రం మీరు చెయ్యి పెట్టకుండా నర్సుకి చూపించండి. ఫోన్లు బయటే ఉంచండి. వాళ్ళ చేతులు మీ స్టేటస్‌లో పెట్టుకోవడానికి కాదు.

యూత్‌కి తగ్గ పని ఇంకోటి ఉంది, వేలిముద్రలు. వేళ్ళు అరిగిపోయిన, పోయిన వాళ్ళకి మెషిన్ మీద ముద్ర పడదు. పింఛను దగ్గర, రేషన్ దగ్గర తిప్పుతారు. కనుపాప ఆనవాలుతో ఇచ్చే వీలుంది, కళ్ళు కూడా పోయినవాళ్ళకి ఆధార్‌లో మినహాయింపు పద్ధతి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కుష్టు నయమైనవాళ్ళ పేరు ప్రత్యేకంగా ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మీలో కాలేజీ చదివే పిల్లలు ఒక ముసలావిడని వెంటబెట్టుకుని సచివాలయంలోనో మీసేవలోనో ఒక పూట కూర్చుంటే పని అవుతుంది. ఆవిడ ఒక్కతే వెళ్తే "రేపు రా" అంటారు.

అక్కడ సువార్త చెప్పాలా వద్దా అని కూడా అడిగారు. అడిగితే చెప్పండి. సాయానికి ముడిపెట్టకండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని కల్పించాడు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతున్నా, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. సాయం ఆగాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె మనందరికీ కంఠతా వచ్చు గానీ, దాని ముందు ఆయన ఆగిన నెలలు ఎవరూ చెప్పుకోరు. పైగా కాలనీల్లో చాలామంది మనకంటే ముందే విశ్వాసులు. వాళ్ళకే మనం వాక్యం చెప్పబోతే నవ్వుకుంటారు.

కాలనీ సంఘ పెద్ద ఒకాయన ఓసారి నాతో, "మీరందరూ మా దగ్గరికి వస్తారయ్యా, మీ పెళ్ళిళ్ళకి మాత్రం పిలవరు" అన్నాడు. అందుకని ఒక పని చేయండి. ఈసారి మీ సెమీ క్రిస్మస్‌కి వాళ్ళని పిలవండి. వాళ్ళ పిల్లల్ని మీ నాటికలో, క్వయర్‌లో కలపండి. బస్సు ఎక్కలేని వాళ్ళకి ఆటోలు మాట్లాడండి. ముందు వరసలో "అతిథులు" అని బోర్డు పెట్టి కూర్చోబెట్టొద్దు, ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటారు.

పెద్దల్ని ఒప్పించడం ఎలా అంటే, మీరు వాదించకండి. మన దేశం 2005 చివరికల్లా పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గించి, ప్రజారోగ్య సమస్యగా కుష్టుని నిర్మూలించామని ప్రకటించింది. దాంతో అందరూ జబ్బే పోయిందనుకున్నారు. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దగ్గరే. అందుకే గాంధీ గారి వర్ధంతి జనవరి 30 నుంచి ఆరోగ్య శాఖ వాళ్ళు ఊరూరా "స్పర్శ్" పేరుతో అవగాహన కార్యక్రమాలు చేస్తారు. జనవరి చివరి ఆదివారం ప్రపంచ కుష్టు దినం కూడా. మీ పి.హెచ్.సి. డాక్టర్‌ని, ఆశా కార్యకర్తని ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పిలిచి పావుగంట మాట్లాడించండి. పెద్దలు మీ మాట వినకపోయినా తెల్లకోటు మాట వింటారు. ఆ తర్వాత పాస్టర్ గారితో సహా అందరూ చర్మం మీద స్పర్శ లేని, పాలిపోయిన మచ్చ ఉందేమో చూపించుకోవాలి. కళ్ళు మూసుకోమని పెన్ను కొసతో మెల్లగా తాకి "ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించండి" అంటారు, అంతే పరీక్ష. ఆడవాళ్ళకి ఆశా కార్యకర్త లోపల గదిలో చేస్తుంది. సంఘం మొత్తానికి చేయిస్తే ఆ ఒక్కాయన వైపే చూపులు పోవు. ఇంకెవరికైనా మచ్చ ఉంటే అదీ మొదట్లోనే దొరుకుతుంది.